ఇరవై ఎనిమిది మానికల డబ్బా

నిజామాబాద్‌లో, బోధన్ రోడ్డు మీద, హనోకు షాపు షట్టర్ పదహారు నెలలుగా సగమే లేస్తోంది. పూర్తిగా ఎత్తితే ఎవరైనా పని పట్టుకొని లోపలికి వస్తారని ఆయన భయం. పూర్తిగా దించితే షాపు యజమాని బాలనర్సయ్య వచ్చి తాళంచెవి అడుగుతాడని ఇంకో భయం. అందుకని నడుము ఎత్తున ఆపి, లోపల స్టూలు వేసుకొని కూర్చునేవాడు. దారిన పోయేవాళ్ళకు ఆయన మోకాళ్ళూ చెప్పులూ మాత్రం కనిపించేవి. మనిషి ఉన్నాడనడానికి అంతకంటే సాక్ష్యం ఇవ్వడం ఆయనకు ఇష్టం లేదు.

యాభై నాలుగేళ్ళ ఈ మనిషి పని ఏమిటంటే, బండ్లలో పాటల కోసం పెట్టుకునే పెద్ద బేస్ స్పీకర్లకు ఫైబర్ డబ్బాలు చేయడం. చెక్క డబ్బా ఎవరైనా కొడతారు, నాలుగు పలకలూ నాలుగు మేకులూ ఉంటే చాలు. ఫైబర్ డబ్బా అలా కాదు. బండి లోపల ఏ వంపు ఎక్కడుందో ఆ వంపు మీదే అచ్చు తీయాలి. చక్రం మీది ఉబ్బు, సీటు కింది సందు, తలుపు పక్క మూల, అన్నీ డబ్బాలోకి రావాలి. తీరా బిగించాక అది బండితో పాటే పుట్టినట్టు ఉండాలి. జిల్లాలో ఈ పనికి చెయ్యి తిరిగినవాడు హనోకేనని పది మందీ అనేవారు. ఆయనా అనుకునేవాడు, పైకి అనేవాడు కాదు, అంతే తేడా.

అయితే అసలు సంగతి బయటి వంపుల్లో లేదు, లోపలి ఖాళీలో ఉంది. ఫలానా స్పీకరుకు లోపల ఇన్ని లీటర్ల చోటు కావాలని కంపెనీవాడు చీటీ రాసి పంపుతాడు. అంతకు తగ్గిందా, గొంతు నొక్కినట్టు ఒక్కచోటే గుద్దుతుంది. కింది స్వరం దిగదు. మరి వంకరటింకర డబ్బాకు టేపు పెట్టి కొలవలేం కదా. అందుకని హనోకు దగ్గర ఒక సంచి జొన్నలూ ఒక ఇత్తడి మానికా ఉండేవి. స్పీకరు కూర్చునే కంతలోంచి మానికతో జొన్నలు పోస్తూ పోవాలి. ఎన్ని మానికలకు డబ్బా నిండితే అన్ని లీటర్లు. ఆ మానిక సరిగ్గా లీటరు పడుతుందని ఆయన నీళ్ళు పోసి మరీ చూసుకున్నాడు. పదకొండేళ్ళుగా అవే జొన్నలు. ఫైబర్‌ను గట్టిపరిచే రెసిన్ జిగురు వాసన పట్టిపోయి, పక్కింటి కోళ్ళు కూడా ముట్టేవి కావు.

పోసేది హనోకు. లెక్కపెట్టేది ఆయన భార్య యేసమ్మ. మానిక ఆమె పుట్టింటిది. ఆమె తండ్రి రెంజల్‌లో పటేళ్ళ కల్లాల దగ్గర ధాన్యం కొలిచేవాడట. కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఆ తర్వాతే రెండు, మూడు. యేసమ్మ కూడా అలాగే మొదలుపెట్టేది. "ఇది ధాన్యం గాదు, స్పీకర్ డబ్బనే" అని హనోకు ఎగతాళి చేస్తే, "ఏదైతేంది, కొలిసుడు కొలిసుడే" అనేది. వాళ్ళిద్దరికీ పిల్లలు లేరు. షాపు వెనక గదిలోనే కాపురం. పొద్దంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటూ బతికారు.

తప్పులు పట్టుకోవడం అంటే మాటవరసకు కాదు. ఒకసారి ఆయన ఇరవై రెండన్నాడు, ఆమె ఇరవై మూడంది. ఆ ఒక్క మానిక మీద రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు డబ్బా మళ్ళీ నింపి చూస్తే ఇరవై మూడే వచ్చింది. అప్పటినుంచి యేసమ్మ లెక్క మొదలుపెట్టే ముందు తన ఫోనులో రికార్డు నొక్కి స్టూలు మీద పెట్టేది. గొడవొస్తే వినిపించడానికి. డబ్బా అమ్ముడుపోగానే తుడిచేసేది, ఫోను నిండా చర్చి పాటలు, చోటు ఉండేది కాదు మరి. చివరి డబ్బా లెక్క మాత్రం తుడవలేదు. ఆ వారమే గుండె నొప్పని ఆస్పత్రిలో చేరింది. మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆ తర్వాత హనోకు ఒక్క డబ్బా చేయలేదు. దుఃఖంలో ఉన్నాడని అందరూ అనుకున్నారు. అది నిజమే, అయితే పూర్తి నిజం కాదు. ఇద్దరు చేసే పనిని ఒక్కడు చేయబోతే ఎక్కడ చెయ్యి ఆగిపోతుందో, ఆ చోటు చూడటానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

జనవరి ఆఖర్లో బాలనర్సయ్య సగం షట్టర్ కిందినుంచి వంగి లోపలికి వచ్చాడు. మంచివాడే, ఇన్ని నెలలూ ఓపిక పట్టాడు. "హనోకూ, మొబైల్ కవర్ల పోరడు షాపు కోసం తిరుగుతుండు. నువ్వు పని చేస్తనంటే వాణ్ని పొమ్మంట. చెయ్యనంటే వానికిస్త. ఏదో ఒకటి చెప్పరాదూ" అన్నాడు. షాపు పోతే వెనక గది కూడా పోతుంది. పోచంపాడ్‌లో తమ్ముడి ఇంటికి పోయి వాకిట్లో మంచం వేసుకోవాలి. సరిగ్గా రెండు రోజులకు ప్రశాంత్ జిప్సీ వేసుకొని వచ్చాడు.

ప్రశాంత్ రుద్రూర్ రైతు, ముప్పై ఏళ్ళు ఉంటాయి. చెరకూ పసుపూ వేస్తాడు. ఆ జిప్సీ వాళ్ళ నాన్న కొన్నది, వయసులో ప్రశాంత్ కంటే కాస్తే చిన్నది. చెరకు గట్ల మీదా వాగులోనూ పోగలిగిన బండి అదొక్కటేనని దాన్ని వదలడు. వెనక రెండు వైపులా చక్రాల మీద చెరో బల్ల సీటు ఉంటుంది.

"అన్నా, ఎడమ బల్ల కింద డబ్బ గావాలె. రెడీమేడ్‌ది వెడితే గట్ల మీద ఎగిరెగిరి ఊడివోయింది. కని, మా అవ్వ కూసునే జాగ పోవద్దు. ఆమె గా బల్ల మీదనే కూసుంటది, పొలం కాడికి రోజు అస్తది" అన్నాడు.

వద్దని చెప్పడానికే హనోకు నోరు తెరిచాడు. కానీ చూపు బండి వెనక్కి పోయింది. ఎడమ చక్రం మీది ఉబ్బు, దాని వెనక మూలలో జాకీ, ఆ మూల లోతు. చెయ్యి దానంతటదే పోయి వంపును తడిమింది. తడిమిన చెయ్యిని వెనక్కి తీసుకోవడం ఆయనకు ఎప్పుడూ చేతకాదు. "పెట్టిపో తమ్మీ. వారం పడతది" అన్నాడు. సాయంత్రం బాలనర్సయ్యకు మాట ఇచ్చాడు. "గీ డబ్బ కుదిరితే షాపు ఉంచుకుంట. కుదరకుంటే వచ్చే ఆదివారం తాళంచెవి నీ చేతుల వెడత."

ప్రశాంత్ ఇచ్చిపోయిన స్పీకరు అట్టపెట్టెలో కంపెనీవాడి చీటీ ఉంది. ముప్పై నాలుగు లీటర్లని ఉంది అందులో. హనోకు దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పని మొదలుపెట్టాడు. సీటు విప్పి, చక్రం మీది ఉబ్బంతా మాస్కింగ్ టేపు అతికించి, పైన మైనం రుద్దాడు. రెసిన్‌లో హార్డ్‌నర్ చుక్కలు కలిపి, ఫైబర్ మ్యాట్ ముక్కలు పరిచి, బ్రష్షుతో అద్దుతూ పోయాడు. వెనక మూలకు వచ్చేసరికి ఆగాడు. అక్కడ జాకీ కొక్కెం ఉంది, ఆ మూల వదిలేద్దాం అనుకున్నాడు. ఎందుకు వదిలావని అడిగేవాళ్ళు లేరు. అడిగి ఉంటే జాకీ అనే చెప్పేవాడు.

ముందు భాగానికి గుడ్డ లాగేటప్పుడు తెలిసింది ఒంటరితనం అంటే ఏమిటో. స్పీకరు కూర్చునే చెక్క రింగు నుంచి డబ్బా అంచుల దాకా బనియన్ గుడ్డను ముడత లేకుండా లాగి పట్టాలి. రెసిన్ పూస్తే ఆ గుడ్డే గట్టిపడి డబ్బా ముందు గోడ అవుతుంది. ఒకరు లాగాలి, ఒకరు పిన్నులు కొట్టాలి. యేసమ్మ లాగిన గుడ్డ వేలితో కొడితే మోగేది. ఇప్పుడు ఆయన ఒక కొసను కిటికీ చువ్వకు కట్టాడు, ఇంకో కొసకు ఇటుక వేలాడదీశాడు, మూడో కొస పళ్ళతో పట్టుకున్నాడు. నాలుగో కొసకు ఏమీ మిగల్లేదు. డబ్బాను మోకాళ్ళ మధ్య బిగించి, నోట్లో గుడ్డతో కూర్చున్న తన అవతారం చూసుకొని నవ్వబోయాడు. నవ్వితే గుడ్డ జారిపోతుంది. ఆ నవ్వు ఎవరికి చూపించాలో తెలియక, ఉన్నవాడు ఉన్నట్టే కాసేపు ఏడ్చాడు. పళ్ళు మాత్రం వదల్లేదు. ఒక మూల చిన్న ముడత ఉండిపోయింది. దాన్ని తర్వాత లప్పంతో సర్ది, రేగుమాలుతో రుద్ది నున్నగా చేశాడు.

కొలిచే రోజు వచ్చింది. జొన్నల సంచి ముందుకు లాగి, మానిక తీసి, యేసమ్మ ఫోనును స్టూలు మీద పెట్టాడు. ఆ ఫోనుకు ఆయన రోజూ చార్జింగ్ పెడతాడు, ఎవరికీ చేయడు. తుడవకుండా మిగిలిన ఆ చివరి లెక్క వినిపించేలా నొక్కాడు.

"లాభం" అంది యేసమ్మ.

హనోకు మొదటి మానిక పోశాడు. రెండు అంది. రెండోది పోశాడు. ఆమె లెక్కకూ ఆయన చేతికీ ఒక్కసారి కూడా తేడా రాలేదు, పదకొండేళ్ళ అలవాటు మరి. పదకొండు దగ్గర రోడ్డు మీద ఏదో హారన్ వినిపిస్తుంది. పదిహేను దగ్గర, "మెల్లగ పొయ్యి, కింద వడుతున్నయ్" అంటుంది. ఆయన నిజంగానే మెల్లగా పోశాడు. పందొమ్మిది దగ్గర దగ్గుతుంది. ఆ దగ్గును అప్పుడు పట్టించుకోలేదు కదా అన్న బాధ మళ్ళీ ఒకసారి కోసింది. ఇరవై ఆరు. ఇరవై ఏడు. "ఇరవై ఎనిమిది. ఇగ సాలు, నిండింది. చేతులు కడుక్కో, బువ్వ తిందాం." ఆ తర్వాత ఏదో గరగరమని శబ్దం, రికార్డు ఆగిపోతుంది.

డబ్బా అంచుదాకా నిండి ఉంది. సరిగ్గా ఇరవై ఎనిమిది. ఒక్క గింజ ఎక్కువా కాదు, తక్కువా కాదు. హనోకు మొహం వెలిగిపోయింది. పదహారు నెలల తర్వాత ఆ రోజు చేతులు కడుక్కొని కడుపునిండా తిన్నాడు. జేబులో చీటీ ఉందన్న సంగతి ఆయనకు గుర్తుంది. ఫైబర్ గట్టిది, కొద్దిగా తగ్గినా నడుస్తది అనుకున్నాడు. ఇంకెవరైనా తన ముందు ఈ మాట అని ఉంటే హనోకు వాణ్ని షాపులోంచి తరిమేవాడు.

గురువారం ప్రశాంత్ వచ్చాడు. డబ్బా బల్ల కింద ఇమిడిపోయింది, చూడముచ్చటగా ఉంది. డప్పు పాట ఒకటి పెట్టాడు. "మస్తుందన్నా!" అని ఎగిరి గంతేశాడు. హనోకు జిప్సీ రేకు మీద అరచెయ్యి పెట్టాడు. ఆయన చెవులతో కంటే అరచేత్తోనే ఎక్కువ వింటాడు. దెబ్బ ఒక్కచోటే వస్తోంది. దాని కింద ఉండాల్సిన బరువు లేదు. చెయ్యి తీసేశాడు.

"బాగుంది గదా. తీస్కపో" అన్నాడు.

బండి పోయాక బాలనర్సయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు. "ఏందయ్యా, కుదిరిందా?" అని అడిగాడు. "ఆదివారం చెప్త" అని షట్టర్ కిందికి దూరిపోయాడు హనోకు.

మర్నాడు పొద్దున్నే జిప్సీ మళ్ళీ వచ్చి ఆగింది. ప్రశాంత్ నవ్వుతూనే దిగాడు. "అన్నా, మా అవ్వ హన్మవ్వ ఏమంటదో తెలుసా? ఏందిరా, గీ డప్పు మెడ పిసికినట్టు మొత్తుకుంటుంది అంటది. డెబ్బై ఏండ్లు నిజం డప్పు ఇన్న చెవులాయె. నాకైతే మంచిగనే ఉన్నదన్నా, ఊకె చెప్తున్న."

"జాగ తక్కువుంది తమ్మీ. ఆ మూలకు జాకీ ఉన్నది గదా" అన్నాడు హనోకు, చూపు ఎటో పెట్టి.

"జాకీ యాడున్నదన్నా? బండి ఇచ్చిననాడే తీసి ముందటి సీటు కింద వెట్టిన గదా. నీ ముందటనే."

నిజమే. ఆ రోజు ప్రశాంత్ జాకీ తీయడం హనోకు కళ్ళారా చూశాడు. మూల ఖాళీ అయింది. ఖాళీ మూలకు టేపు అంటించకుండా, లేని జాకీ కోసం చోటు వదిలాడు. ఎందుకో ఇప్పుడు దాచుకోవడానికి వీల్లేకుండా తెలిసిపోయింది. ఆ మూల కలిపితే ముప్పై నాలుగు వస్తుంది. యేసమ్మ ఇరవై ఎనిమిది దాకే లెక్కపెట్టింది. ఆ పైన ఆమె లేదు. స్పీకరుకు ఎంత కావాలో అంత కాక, భార్య గొంతు ఎంత దూరం వస్తుందో అంత డబ్బా చేశాడు. పదకొండేళ్ళలో ఎవరి బండికీ చేయని తప్పు, తెలిసి తెలిసి చేశాడు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఒక్క మానిక తేడాకే రెండు రోజులు మాట్లాడని మనిషి, మొగుడు ఆరు మానికలు మింగాడని వింటే ఏమనేది?

"బండి పెట్టిపో. సోమవారం రా" అన్నాడు. "అవ్వ చెప్పింది కరెక్టే. తప్పు నాది."

ఆ పూటే డబ్బా విప్పాడు. నున్నగా రుద్ది, రంగు కొట్టిన డబ్బా వెనక వైపు గ్రైండరుతో కోశాడు. ఫైబర్ దుమ్ము ముక్కుల్లోకీ మెడ మడతల్లోకీ దూరి దురద పెట్టింది. ఈసారి మూలకు టేపు వేసి, మైనం రుద్ది, ఆ మూల అచ్చు విడిగా తీశాడు. శనివారం దాన్ని కోసిన చోట అతికించి, లోపలా బయటా మ్యాట్ వేశాడు. చేస్తున్నంతసేపూ తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు, అయినా చేతులు చకచకా నడిచాయి. తిట్టుకుంటూ పని చేయడం ఆయనకు పాత అలవాటు. వెనకటికి ఆ తిట్లలో సగం వేరే గొంతులోంచి వచ్చేవి.

ఆదివారం మధ్యాహ్నానికి డబ్బా గట్టిపడింది. నాలుగింటికి బాలనర్సయ్య వస్తాడు. హనోకు జొన్నల సంచి ముందుకు లాగాడు. మానిక తుడిచాడు. ఫోను స్టూలు మీద పెట్టి, నొక్కాలా వద్దా అని చాలాసేపు చూశాడు. నొక్కాడు.

"లాభం."

పోస్తూ పోయాడు. పదకొండు, హారన్. పదిహేను, మెల్లగ పొయ్యి. పందొమ్మిది, దగ్గు. ఇరవై ఐదు దగ్గర కంతలోంచి లోపలికి చూశాడు. జొన్నలు ఇంకా కిందే ఉన్నాయి, కొత్త మూల తాగేస్తోంది.

"ఇరవై ఎనిమిది. ఇగ సాలు, నిండింది. చేతులు కడుక్కో, బువ్వ తిందాం."

గరగరమని శబ్దం వచ్చింది. ఫోను ఆగిపోయింది.

"నిండలే యేసమ్మా" అన్నాడు హనోకు. "ఇంకున్నది."

ఆమె లెక్క తప్పని ఆయన అనడం అది ఎన్నోసారో. ప్రతిసారీ ఆమె గయ్యిమని లేచేది. ఈసారి ఎవరూ లేవలేదు. సగం షట్టర్ కింద రోడ్డు మీద ఎవరివో కాళ్ళు పోతున్నాయి. వెనక గదిలో కుండ మీద మూత కూడా కదల్లేదు. నిండు మానిక చేతిలో పట్టుకొని, ఆమె నిజంగా లేదన్న సంగతి ఆ నిమిషానే ఎవరో వచ్చి చెప్పినట్టు, ఆయన అట్లాగే కూర్చుండిపోయాడు. ఇంత నిశ్శబ్దం ఆస్పత్రిలో కూడా లేదు. మట్టి ఇచ్చి వచ్చిన రోజు కూడా లేదు.

చెయ్యి నొప్పి పుట్టేదాకా కూర్చున్నాడు. తర్వాత మానిక వంచాడు.

"ఇరవై తొమ్మిది" అన్నాడు.

మాట సగమే వచ్చింది. అది లెక్కలోకి రాదన్నట్టు మళ్ళీ గట్టిగా అన్నాడు, "ఇరవై తొమ్మిది." ముప్పై. ముప్పై ఒకటి. జొన్నలు మూలలోకి జారి, పొర్లి, పైకి రావడం మొదలుపెట్టాయి. ముప్పై రెండు. ముప్పై మూడు. ఆఖరిది మెల్లగా పోశాడు, కింద పడకుండా.

"ముప్పై నాలుగు."

అంచుకు అంచు. అరచేత్తో పైన సాపు చేశాడు. ఇగ సాలు అనేవాళ్ళ కోసం కాసేపు ఆగాడు. ఆ మాట తప్ప మిగతా పనంతా అయిపోయింది మరి. చివరికి తనే అన్నాడు. చేతులు కడుక్కున్నాడు, పొద్దుటి అన్నం పెట్టుకున్నాడు, నాలుగు ముద్దలు తిన్నాడు. తిన్న పళ్ళెం కడిగి బోర్లించి, ముందుకు వచ్చి షట్టర్ పూర్తిగా పైకి ఎత్తాడు. పదహారు నెలలు సగంలో ఆగిన షట్టర్ గోలగోలగా మొరాయించి లేచింది.

నాలుగింటికి బాలనర్సయ్య వచ్చేసరికి షాపు నిండా ఎండ ఉంది. హనోకు నేల మీద కూర్చొని, డబ్బాలోంచి జొన్నలు మానికతో తోడి సంచిలో పోస్తూ పైకే లెక్కపెడుతున్నాడు.

"లాభం... రెండు... మూడు..."

"ఏందయ్యా, కుదిరిందా? తాళంచెవి సంగతి ఏంది?" అన్నాడు బాలనర్సయ్య.

"ఆరు... ఆగు బాలనర్సన్నా, లెక్క తప్పుతది... ఏడు."

బాలనర్సయ్య తాళంచెవి మాట మళ్ళీ ఎత్తలేదు. గుమ్మంలోనే నిలబడి, మానిక మానికకూ హనోకు గొంతు కాస్త కాస్త పెరగడం వింటూ ఉండిపోయాడు. జొన్నలు తిరిగి సంచిలో పోసేటప్పుడు లెక్కతో పని లేదన్న సంగతి బాలనర్సయ్యకు తెలియదు. యేసమ్మ ఉన్నన్నాళ్ళూ, ఆ ఇద్దరూ వాటిని ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.